తొలకరి కోసం తిరిగిన చక్రం

4107వ రోజు

ఉదయం ఆరున్నరకు చక్రం తిప్పడం మొదలుపెట్టాను. రోజూలాగే నిమిషానికి నాలుగు చుట్లు. మొదటి జట్టులో పిల్లలు ఇరవై నలుగురు. తొమ్మిదో గది కింది పంపు ఇంకా సతాయిస్తూనే ఉంది. ఊరికే ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. అయినప్పుడల్లా చక్రం మొత్తం చిన్నగా ఉలిక్కిపడుతుంది. పిల్లలకు పట్టింపు లేదు. నాకే చిరాకు.

కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడు పేరు రాయాలట. సిలివేరు కొమురమ్మ, వయసు అరవై ఒకటి, చక్రం మొదలైన రోజు నుంచీ ఈ బరువు చక్రం నడిపే మనిషిని. పిల్లలంతా పెద్దమ్మ అంటారు. చంద్రుడి మీది ఈ కొత్తగనిలో పుట్టిన పిల్లలు రోజుకు రెండు గంటలు భూమి బరువు మోయాలి. మోయకపోతే ఎముకలు గట్టిపడవు. బయట వీళ్లు గోడ మీంచి గోడకు గెంతుకుంటూ పోతారు. ఒక అడుగు తప్పినా తెలియదు, గాల్లో సర్దుకుంటారు. చక్రంలోకి వచ్చాకే కాళ్లతో నడవడమంటే ఏమిటో తెలిసొస్తుంది.

ఈరోజు తొలకరి కక్కింది. ఓదెలు కూతురు, ఏడేళ్ల పిల్ల. ఓదెలు మంచు గనిలో డ్రిల్లు నడుపుతాడు. తల్లి సమ్మక్కది ఆకుకూరల గదిలో పని. వాన అనేదే లేని చోట పుట్టిన పిల్లకు తొలకరి అని పేరు పెట్టారేమిటని అప్పట్లో అడిగాను. "అది పుట్టిన్నాడు మంథనిల తొలి వాన పడ్డదట, మా అమ్మ ఫోన్ల చెప్పింది" అంది సమ్మక్క.

పిల్లకు చక్రం పడలేదనుకున్నాను. నేల తుడిచి, మంచినీళ్లు ఇచ్చి పంపించాను.

4110వ రోజు

తొలకరి మళ్లీ కక్కింది. ఈసారి చక్రం ఎక్కకముందే, గుమ్మం దగ్గరే.

"పెద్దమ్మా, నెత్తి నొస్తాంది" అంది.

"చక్రం ఎక్కుడు ఇష్టం లేక గిట్ల నాటకాలా?" అన్నాను. అలా అన్నానని ఇక్కడ రాసిపెడుతున్నాను, ఎందుకంటే పొద్దుటి నుంచీ నా మనసులో అదే మెదులుతోంది. క్లినిక్‌లో వికారానికి మాత్రలు ఇచ్చారని సమ్మక్క చెప్పింది. పొద్దున్నే లేవగానే తలనొప్పి, కక్కుకున్నాక కాస్త తేరుకోవడం, పగలంతా మామూలుగా ఉండడం. వారం నుంచి ఇదే వరస అంది.

4113వ రోజు

ఇది వివరంగా రాయాలి.

చక్రం నేల మీద ఒక పసుపు గీత ఉంది. చివర్లో పిల్లల్ని దాని మీద నడిపిస్తాను. ఎవరి కాలు గీత దాటితే వాళ్లు మళ్లీ మొదటికి పోవాలి. వాళ్లకది ఆట, నాకది పరీక్ష. తొలకరి మూడుసార్లు నడిచింది. మూడుసార్లూ ఎడమకే ఒరిగింది. కాళ్లు ఎడంగా పెట్టి, పడవలో నిలబడ్డ మనిషిలా నడిచింది. తల కూడా ఒక పక్కకు వాల్చే ఉంచింది.

దగ్గరికి పిలిచి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆమె నా ముఖంలోకి చూసి ఫక్కున నవ్వింది.

"పెద్దమ్మా, నీకు రెండు ముక్కులున్నయి!"

మిగతా పిల్లలూ నవ్వారు. చక్రం ఆపి, పిల్లను ఎత్తుకుని, నేరుగా డాక్టర్ హైమవతి దగ్గరికి వెళ్లాను. ఆమె భూమి నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. కాకినాడ మనిషి. ఆమె గదిలో తొలకరిని నడిపిస్తే పిల్ల చక్కగా గెంతుకుంటూ పోయి గోడను తాకి వచ్చింది.

"బాగానే నడుస్తోంది కదండీ" అంది డాక్టర్.

"ఇక్కడ ఎవలైనా గట్లనే నడుస్తరు డాక్టరమ్మా. బరువే లేదు గద. ఒక్కసారి నా చక్రంలకు రాండ్రి. నాలుగు నిమిషాలు చూడుండ్రి, చాలు."

వచ్చింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. పసుపు గీత మీద ఒకసారి నడిపించింది. వేలితో ముక్కు తాకమంది. తొలకరి వేలు వణుకుతూ చెంప మీదికి పోయింది. చిన్న దీపంతో కళ్లలోకి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "కొమురమ్మగారూ, వీళ్ల అమ్మానాన్నల్ని పిలిపించండి. ఇప్పుడే స్కాన్ తీయాలి" అంది.

4114వ రోజు

తొలకరి తల వెనక భాగంలో, చిన్నమెదడులో, ఒక గడ్డ ఉంది. నిమ్మకాయంత. పక్కనే నీటి తిత్తి.

నన్నూ కూర్చోబెట్టారు. సమ్మక్కే ఉండమంది. డాక్టర్ తెర మీద బొమ్మ చూపిస్తూ చెప్పింది. మెదడు చుట్టూ ఎప్పుడూ నీరు పారుతూ ఉంటుందట. గడ్డ ఆ దారికి అడ్డం పడింది. నీరు నిలిచి లోపల ఒత్తిడి పెరిగింది. రాత్రంతా పడుకుంటే ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది కాబట్టే పొద్దున తలనొప్పి, వాంతి. చిన్నమెదడు నడకను, చేతుల కుదురును చూసుకుంటుంది కాబట్టి ఆ ఒరగడం.

సమ్మక్క లేచి తెర దగ్గరికి పోయింది. తర్వాత అడిగింది.

"నేను కడుపుతోని ఉండంగ కూడా పనికి వోయిన. పైన బయటి నేల మీద రెండు నెలలు చేసిన. దానితోనేనా?"

"కాదమ్మా. భూమ్మీద పల్లెల్లో, పట్నాల్లో, అన్ని చోట్లా పిల్లలకి ఇలాగే వస్తుంది. పెరిగే వయసులో ఒక కణం దారి తప్పుతుంది. ఎందుకు తప్పిందో చాలామంది పిల్లల్లో ఎవరికీ తెలీదు. మీరు చేసినదేదో కాదు, చేయనిదీ కాదు" అంది డాక్టర్. సమ్మక్క నమ్మినట్టు కనిపించలేదు. డాక్టర్ ఆమె చేయి పట్టుకుని అదే మాట, అదే నెమ్మదితో, ఇంకోసారి చెప్పింది. ఆ రెండోసారి సమ్మక్క ఏడ్చింది. ఏడ్చాక ఊపిరి కాస్త కుదురుగా తీసుకుంది.

ఓదెలు ఒకటే అడిగాడు. "తియ్యొచ్చునా?"

"తీయొచ్చు. చూడ్డానికి మెల్లగా పెరిగే రకంలా ఉంది. ఆ రకమైతే, మొత్తం తీసేస్తే చాలామంది పిల్లలకి వేరే మందే అక్కర్లేదు. భూమ్మీద నలభై మందికి పైగా చేశాను. ఇక్కడ ఒక్కరికీ చేయలేదు. అది కూడా మీకు తెలియాలి."

4115వ రోజు

తొలకరికి విషయం చెప్పేశారు. దాచొద్దని డాక్టరే అంది. నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని నిమ్మకాయ బొమ్మ గీస్తోంది. వాపు తగ్గే మందు పడ్డాక తలనొప్పి తేలికైందట, ఆకలి మండిపోతోందట.

"ఇది నా నెత్తిల ఉన్నది పెద్దమ్మా. నేను పొరపాటున గింజ మింగిన్నా?"

"లేదు బిడ్డా. ఎవలు మింగినా గది నెత్తిలకు పోదు."

"రుద్రమకు అంటుకుంటదా? ఇద్దరం ఒక్క చెంచతోని తిన్నం."

"అంటుకోదు."

"మరి మంచిదే" అని మళ్లీ రంగులు వేసుకుంది. రుద్రమ ఆమె స్నేహితురాలు. కొత్తగని మొత్తంలో అంత పెద్ద గొంతు ఇంకెవరికీ లేదు.

సాయంత్రం డాక్టర్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. భూమికి వెళ్లే ఓడ నలభై రోజులకు గానీ లేదు. ఉన్నా, ఆ ఒత్తిడితో పిల్లను రాకెట్ ఎక్కించడం ప్రమాదం. ఇక్కడే చేయాలి. కానీ ఇక్కడి బరువులో రక్తం కిందికి జారదు, కోసిన చోటే ముద్దలా నిలబడుతుంది, ఏమీ కనబడనివ్వదు.

"నా చేతులు భూమి బరువుకి అలవాటుపడ్డాయండి. మీ చక్రంలో చేస్తాను. ఏడెనిమిది గంటలు ఆపకుండా తిప్పగలరా?"

"తిప్పుత."

"ఒక్క ఊపు కూడా ఉండకూడదు. మొన్న మీ చక్రంలో నిలబడ్డప్పుడు పాదాల కింద ఒకటి తగిలింది."

తొమ్మిదో గది పంపు. "ఎన్నొద్దులున్నయి?" అని అడిగాను.

"ఏడు రోజులు."

4118వ రోజు

మూడు రోజులు పోయాయి. పిల్లల మీద పంపు ప్రభావం సరే, సూది పట్టుకున్న చేయి మీద ఆ ఊపు ఎంత ఉంటుందో డాక్టర్ చూపించింది. చక్రంలో కూర్చుని టమాటా తొక్కకు కుట్లు వేస్తోంది. పంపు అదిరినప్పుడు సూది లోపలికి దిగబడి ఎర్రటి రసం కారింది.

పంపు విప్పి కొత్తది బిగించాను. అదే తీరు. చక్రంలో మనుషులు అటూ ఇటూ తిరిగినప్పుడు తూకం చెడకుండా నీటిని ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి తోడడం పంపుల పని. తొమ్మిదో పంపు ఖాళీ చక్రంలో కూడా ఆగకుండా తోడుతోంది. అంటే ఆ పక్క ఎక్కడో బరువు ఎక్కువుంది. బేరింగులు చూశాను. ఊచలు చూశాను. ఓదెలు గని నుంచి నలుగురిని తెచ్చాడు, వాళ్లూ చూశారు. ఎక్కడా ఏమీ లేదు.

4119వ రోజు

దొరికింది!

తొలకరిని చూడడానికి వెళ్లాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని పంపు సంగతి చెప్పాను. తొమ్మిదో గది పక్క బరువెక్కువుంది, ఎందుకో తెలియడం లేదన్నాను. ఆ పిల్ల దుప్పటి ముక్కు దాకా లాక్కుంది.

"పెద్దమ్మా, ఒకటి చెప్తె తిడ్తవా?"

"తిట్ట."

"ఒట్టు?"

"ఒట్టు."

"నీలం పలక కింద ఉన్నయి. మా రాళ్లు."

పరుగెత్తాను. బయటి బరువులో పరుగెత్తడం అంటే మూడుసార్లు తల పైకప్పుకు కొట్టుకోవడం. తొమ్మిదో గదిలో నీలం పలక ఎత్తితే, కింద ఖాళీలో, ఒకదాని మీద ఒకటి పేర్చి, చంద్రుడి రాళ్లు! గుండ్రటివి, మెరిసేవి, కుక్క మూతిలా ఉన్నది ఒకటి. దుమ్ము ఊపిరికి మంచిది కాదని రాళ్లను ఇళ్లలోకి తేవద్దని రూలు. గనిలో తండ్రులు మాత్రం జేబుల్లో తెచ్చి, కడిగి, పిల్లల చేతుల్లో పెడుతూనే ఉన్నారు. తల్లుల కంట పడకుండా పిల్లలు నా చక్రంలో దాచుకున్నారు. పదకొండేళ్లుగా! ఒక జట్టు పెద్దదై పోతూ పోతూ తర్వాతి జట్టుకు చోటు చెప్పి పోయింది. తూచితే డెబ్బై ఒక్క కిలోలు.

గని మనుషులు చుట్టూ చేరారు. వాళ్లలో ఇద్దరు ఇక్కడే చదువుకుని ఇప్పుడు గనిలో చేరినవాళ్లు. ఒకతను వంగి ఒక నల్లరాయి తీసి, "ఇది నాదే" అన్నాడు మెల్లగా. గని మేనేజరు భూమయ్య, ఆ రూలు రాసిన మనిషి, తెల్లరాయి ఒకటి తిప్పి తిప్పి చూసి అన్నాడు.

"ఇది మా బిడ్డకు నేనిచ్చిందే."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. నాకైతే పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వొచ్చింది. రాళ్లు తీసేసి చక్రం తిప్పాను. గిన్నెలో నీళ్లు పోసి తొమ్మిదో గదిలో పెట్టి గంటసేపు చూశాను. నీటి మీద ఒక్క ముడత పడలేదు. డాక్టర్ రెండు టమాటాలు కుట్టి, ఒకటి నా చేతిలో పెట్టింది.

4122వ రోజు

పొద్దున ఏడింటికి తొలకరిని చక్రంలోకి తీసుకెళ్లారు. తల వెనక జుట్టు కొంచెమే తీశారు. అది చాలని డాక్టర్ అన్నందుకు తొలకరి కాస్త నిరాశపడింది, గుండు చేస్తారని అందరికీ చెప్పుకుందట. డాక్టర్, ఇద్దరు నర్సులు, మత్తు ఇచ్చే ఆయన. అంతే. ఇంకెవరూ చక్రంలో ఉండకూడదు.

నేను ఇరుసు దగ్గర నా కుర్చీలో కూర్చున్నాను. ఓదెలు నా పక్కన. సమ్మక్క బయట అద్దం దగ్గర నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. భూమయ్య గనిలో డ్రిల్లులు అన్నీ ఆపించాడు. నేల అదరకూడదని. బడికి సెలవు. కొత్తగనిలో ఉన్న మూడు వందల పన్నెండు మందీ ఈ రోజు గెంతడం మానేసి, గోడలు పట్టుకుని మెల్లగా నడిచారు. చెప్పింది నేను కాదు. ఎవరో ఒకరు మొదలుపెడితే అందరూ చేశారు.

నాలుగు చుట్లు. నాలుగు చుట్లు. వేగం చూపే ముల్లు కదలకుండా చూడడమే నా పని.

అయిదో గంటలో మోటారు వేడెక్కింది. ఇంతసేపు ఆపకుండా ఎప్పుడూ తిప్పలేదు. ఎర్రదీపం వెలిగింది. ఆపుదామంటే లోపల డాక్టర్ చేతులు ఆ పిల్ల తలలో ఉన్నాయి. ఆపకపోతే మోటారు దానంతట అదే ఆగిపోతుంది.

"మంచు కావాలె" అన్నాను.

ఓదెలు ముఖంలో ఆ క్షణం వచ్చిన వెలుగు నేను మరిచిపోలేను. పొద్దుటి నుంచీ చేయడానికి పనేమీ లేక చేతులు నలుపుకుంటున్న మనిషి. "మంచేనా అక్కా? ఎంత గావాలె?" అంటూ లేచాడు. ఎనిమిది నిమిషాల్లో ఆరుగురు గని మనుషులు మంచు పెళ్లలు మోసుకొచ్చారు, అడుగులో అడుగు వేసుకుంటూ, పసిపిల్లల్ని మోస్తున్నట్టు. తడిగుడ్డల్లో చుట్టి మోటారు చుట్టూ పేర్చాం. కరిగినవి తీసి కొత్తవి పెడుతూ ఓదెలు రెండు గంటలు మోకాళ్ల మీదే ఉన్నాడు. ఎర్రదీపం ఆరింది. ముల్లు మాత్రం చివరిదాకా నాలుగు మీదే నిలిచింది.

మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు డాక్టర్ గొంతు వినిపించింది.

"కొమురమ్మగారూ, ఇక మెల్లగా ఆపొచ్చండి. మొత్తం వచ్చేసింది. కుట్లు కూడా అయ్యాయి."

మెల్లగానే ఆపాను. అరగంట పట్టింది. తర్వాత నా వేళ్లు హ్యాండిల్ నుంచి రాలేదు, ఓదెలు ఒక్కొక్కటే విప్పాడు.

4124వ రోజు

తొలకరి నిన్న కళ్లు తెరిచింది. అమ్మను గుర్తుపట్టి "నీళ్లు" అంది. పరీక్షలో మెల్లగా పెరిగే రకమేనని తేలింది. వంటగదివాళ్లు ఊరంతటికీ బెల్లం పాయసం వండారు.

ఈరోజు మధ్యాహ్నం నుంచి ఆ పిల్ల మాట్లాడడం లేదు. అడిగితే చూస్తుంది. సన్నగా ఏడుస్తుంది. మాట లేదు. చేతులు కూడా వడలిపోయినట్టున్నాయి.

డాక్టర్ ముందే చెప్పింది. తల వెనక భాగంలో ఆపరేషన్ అయిన పిల్లల్లో కొందరు ఒకటి రెండు రోజులు బాగుండి, తర్వాత మాట మానేస్తారని. వారాలు పట్టొచ్చని. చాలామందికి తిరిగి వస్తుందని. ముందే చెప్పింది, నిజమే. అయినా ఆ మంచం దగ్గర నిలబడి ఆ పిల్లను పేరు పెట్టి మళ్లీ మళ్లీ పిలిచాను.

4131వ రోజు

మాట లేదు.

సమ్మక్క మాత్రం ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. పాలకూర ఎంత ఎత్తు పెరిగింది, తొట్టిలో చేప ఎన్ని గుడ్లు పెట్టింది, మంథనిలో అమ్మమ్మ ఏమంది. "వినబడుతది, అర్థమైతది, లోపట అన్నీ ఉన్నయి, బయటికి వచ్చే తొవ్వే దొరుకుతలేదని డాక్టరమ్మ అన్నది. మరి ఇంట్ల మనిషి తొవ్వ దేవులాడుతాంటె మనం దీపం వెట్టి ఉండొద్దా?" అంది నాతో.

రోజూ పొద్దున తొలకరిని చక్రంలోకి తెచ్చి, పట్టీలు కట్టి నిలబెడుతున్నాం. తల నిలపడమే కష్టంగా ఉంది. ఈరోజు పదకొండు సెకన్లు నిలిపింది.

4140వ రోజు

మాట లేదు. తల నిమిషంన్నర నిలిపింది. వేలు పట్టుకుంటే బిగించింది.

రుద్రమ, మిగతా పిల్లలు రోజూ వస్తారు. తొలకరి మొదట ఏ మాట అంటుందని గోడ మీద పట్టీ రాశారు. అమ్మ అని తొమ్మిది మంది. నాన్న అని నలుగురు. రుద్రమ తన పేరే రాసుకుంది. డాక్టర్ "ఇంజెక్షన్ వద్దు" అని రాసింది. నేను ఏమీ రాయలేదు. మాట ఏదైనా నాకు సమ్మతమే.

4149వ రోజు

చక్రం సంగతులు తర్వాత రాస్తాను.

మధ్యాహ్నం వాళ్లింట్లో సమ్మక్క గంజి తాగిస్తోంది. రుద్రమ మంచం పక్కన తన పన్ను ఊడిన కథ మూడోసారి చెబుతోంది. నేను కాళ్లకు నూనె రాస్తున్నాను. తొలకరి ఒక చెంచా మింగి, ముఖం చిట్లించి, పెదవులు ఒకటికి రెండుసార్లు కదిపింది.

"ఉ...ప్పు."

సమ్మక్క చెంచా గాల్లో ఆగింది. "ఏంది బిడ్డా?"

"ఉప్పు... లేదు."

రుద్రమ పెట్టిన కేక గనిలోకి వినబడిందట. సమ్మక్క గిన్నె కింద పెట్టి, కూతురి రెండు చెంపలూ పట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ, "లేదు బిడ్డా, మరిచిపోయిన, ఒట్టు, మరిచిపోయిన" అంటోంది. నేను ఉప్పు కోసం బయటికి పరుగెత్తి, ఎదురైన మొదటి మనిషికి సంగతి చెప్పాను. అంతే. గంటలో ఆ గది గుమ్మం ముందు వరస కట్టారు. ఒకరి చేతిలో ఉప్పు డబ్బా, ఒకరి చేతిలో పొట్లం, భూమయ్య చేతిలో తన పచ్చడి జాడీ. "దీంట్ల కూడ ఉప్పే ఉంటది" అన్నాడు. డాక్టర్ హైమవతి పరుగున వచ్చి, వాకిట్లో ఉప్పు పొట్లాల మధ్య నిలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆమె పట్టీలో రాసిన మాట ఓడిపోయిందని పిల్లలు గుర్తుచేశారు. పట్టీలో అందరూ ఓడిపోయారు.

గని నుంచి ఓదెలు వచ్చేసరికి తొలకరి అలసి కళ్లు మూసుకోబోతోంది. వాకిట్లోనే ఆగిపోయాడు.

"నానా," అంది, ఒక్కో అక్షరం సాగదీస్తూ, "బూట్లు... ఇడువు."

దుమ్ము బూట్లతో లోపలికి రావద్దని ఆ ఇంట్లో రూలు. ఓదెలు బూట్లు విప్పుకుని, వాటిని గుండెకు పట్టుకుని, అలాగే నిలబడిపోయాడు.

4176వ రోజు

చక్రం: నాలుగు చుట్లు. పిల్లలు ఇరవై నలుగురు.

తొలకరి నా చేయి వదిలి ఆరు అడుగులు వేసింది. ఏడో అడుగుకు పడింది. నేను లేపబోతే చేయి నెట్టేసింది. "నే...నే లేస్త." లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మిగతా పిల్లలు నడక ఆపి నిలబడ్డారు, ఎవరూ సాయం పోలేదు, ఎవరూ నవ్వలేదు. లేచాక మాత్రం గది దద్దరిల్లింది.

మాట ఇంకా నెమ్మదే. కుడిచేత్తో అక్షరాలు వంకరగా వస్తున్నాయి. ఎడమకు ఒరగడం కొద్దిగా మిగిలింది. కొంత మిగిలిపోవచ్చని, బడిలో కొంచెం ఎక్కువ సమయం ఇవ్వాల్సి రావొచ్చని డాక్టర్ దాచకుండా చెప్పింది. సమ్మక్క విని, "ఇయ్యనీ. సమయానికేం గొదువ?" అంది.

4238వ రోజు

ఈరోజు రెండో స్కాన్. గడ్డ ఉన్న చోట నీరు తప్ప ఏమీ లేదు. మూడు నెలలకొకసారి, తర్వాత ఆరు నెలలకొకసారి, కొన్నేళ్లపాటు చూస్తూ ఉండాలి. డాక్టర్ తెర మీద చూపిస్తుంటే ఓదెలు ఆ నల్లటి ఖాళీని గని మనిషి కళ్లతో చూశాడు. "మంచిగ తవ్విండ్రు డాక్టరమ్మా. ఒక్క పెళ్ల ఇడిచిపెట్టలే" అన్నాడు. కాకినాడ డాక్టరమ్మకు అంతకన్నా పెద్ద బిరుదు ఇక్కడ ఎవరూ ఇవ్వలేరు.

తర్వాత నేరుగా చక్రానికి వచ్చింది తొలకరి. పిల్లలంతా చుట్టూ చేరారు. వాళ్లకు ప్రశ్నలున్నాయి. నెలలుగా ఆపుకున్నవి. ఆమె నేల మీద కూర్చుని, బడి పంతులమ్మలా ఒక్కొక్కరి వైపు వేలు చూపిస్తూ జవాబులు చెప్పింది. మాటకూ మాటకూ మధ్య కొంచెం ఆగుతుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

"కోసినప్పుడు నొచ్చిందా?"

"లే. పండుకున్న. తర్వాత నొచ్చింది. మందిచ్చిండ్రు."

"మళ్ల వస్తదా?"

"రాకపోవచ్చు. వస్తె డాక్టరమ్మ చూస్తది. అందుకే ఫోటో తీస్తరు."

"మాట్లాడనప్పుడు మేం చెప్పింది ఇనబడ్డదా?"

"అంత ఇనబడ్డది. రుద్రమ పన్ను కథ... మూడుసార్లు."

రుద్రమ కోపంగా చేతులు కట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు. అప్పుడు వెనక నుంచి ఎవరో చిన్నపిల్ల అడిగింది, కుట్లు పడ్డ చోటు ముట్టుకోవచ్చా అని. నేను వద్దనబోయాను. తొలకరి అప్పటికే తిరిగి కూర్చుని, కొత్తగా పెరిగిన పొట్టి జుట్టును రెండు చేతులతో పైకెత్తింది.

"లైన్ల రాండ్రి. ఒక్కొక్కలు. చేతులు కడుక్కోండ్రి ముందుగాల."

ఇరవై ముగ్గురు చేతులు కడుక్కుని వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే వచ్చి, ఒక వేలితో, పైనుంచి కిందికి ఆ గీతను తాకి వెళ్లారు. కొందరు ఊపిరి బిగబట్టారు. ఒకడు "మెత్తగున్నది" అని గట్టిగా చెప్పాడు, మిగతావాళ్లు తల ఊపారు.

వరస చివర నేను నిలబడ్డాను. తొలకరి తల తిప్పకుండానే, "ఎవలు?" అంది.

"నేనే బిడ్డా."

"చేతులు కడుక్కున్నవా?"

వెళ్లి కడుక్కుని వచ్చాను. గ్రీజు పోయేదాకా రెండుసార్లు. ఆ గీత వెచ్చగా, నునుపుగా ఉంది, కింద ఆ పిల్ల మెడ నాడి నా వేలికి కొట్టుకుంటోంది. అలాగే ఉంచేశాను కాబోలు.

"పెద్దమ్మా," అంది, "చక్కిలిగిలి పెడుతాంది."